మూడో చరణం

బొమ్మనహళ్ళి, బెంగళూరు
జూన్ 2001

రాహేలక్కకు,

నీ హాస్టల్ చెల్లెలు కృపామణి వందనాలు. ఈ ఉత్తరం వెనకే ఒక పార్శిల్ వస్తుంది. అందులో ఒక క్యాసెట్ ఉంటుంది. అట్ట మీద బొమ్మ నాదే. ఫొటో తీసినవాడు నవ్వొద్దన్నాడు, నవ్వితే భక్తి తగ్గుతుందట. అందుకని హాస్టల్లో నువ్వు నా తల్లో పేలు చూసేటప్పుడు పెట్టే మొహం పెట్టాను.

గార్మెంట్స్ ఫ్యాక్టరీలో మానేశాను అక్కా. చొక్కాల్లో కుట్టు తప్పులు వెతికే పని నాకు రాదని కాదు. రోజంతా తప్పులు వెతికి ఇంటికొస్తే రాత్రి పాటలో కూడా తప్పులే వినిపించేవి. అమ్మ మాత్రం ఇంకా అక్కడే దారాలు కత్తిరిస్తోంది. నేను మానేసిన రోజు ఏమందో తెలుసా? "నీకు సదువు చెప్పిచ్చింది కుర్చీలో కూచుంటావని గదమ్మే. ఇప్పుడు నిలబడి పాడతానంటాండావు. నిలబడేది మాకు రాదా ఏమి?"

నాన్నేమో కాపలా కాసే అపార్టుమెంటు గేటు దగ్గర చిన్న టేప్ రికార్డర్‌లో నా క్యాసెట్ వేసి, వచ్చే పోయే కార్లకు వినిపిస్తున్నాడట. గేటు తీయడం మరిచి పాట వింటున్నాడని ఎవరో సెక్రటరీకి చెప్పారు కూడా.

దీన్ని ఏ కంపెనీ చేయించలేదు. ఏ పరిచర్య సంస్థ పేరూ దాని మీద లేదు. పాటలు నేనే రాశాను, మడివాళలో ఒక చిన్న స్టూడియోలో నేనే పాడాను. కీబోర్డు వాయించింది మా చర్చి అబ్బాయి జోయెల్. పగలు కొరియర్ ఆఫీసులో పని చేస్తాడు, సాయంత్రాలు నాతో ప్రార్థన కూటాలకు వస్తాడు. కూటం అయ్యాక బల్ల వేసి క్యాసెట్లు మేమే అమ్ముతాం.

మొదటి పాట ముందు నా సాక్ష్యం ఉంది. తొమ్మిదో తరగతిలో జ్వరం వచ్చి నా గొంతు పోవడం, అందరూ ప్రార్థన చేయడం, పోయిన గొంతు ముందుకన్నా బాగా తిరిగి రావడం. అందులో దీపం పాట అని ఒకటి ఉంది, దాని మూడో చరణంలో గొంతు బాగా పైకి వెళ్ళే చోటు వస్తుంది, "ఈ స్వరం నాది కాదు, ఆయన తిరిగిచ్చింది" అని ముందే చెప్పి ఆ చోటు పాడతాను. జనం దాని కోసమే కూర్చుంటారక్కా. అక్కడికి రాగానే చప్పట్లు.

విని ఎలా ఉందో రాయి. నువ్వు బాగుందంటేనే నాకు బాగున్నట్టు.

నీ కృప


జమ్మలమడుగు
జూలై 2001

కృపకు,

నీ క్యాసెట్ అందింది. మొహం చూసి నవ్వాను. పాట విని నవ్వు ఆపాను. నీ పాట గొప్పగా ఉంది, అది ముందు రాసేస్తున్నాను, లేకపోతే మిగతాదంతా గొణుగుడు అనుకుంటావు.

మా ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో మధ్యాహ్నం మందులిచ్చాక వినిపిస్తున్నాను. పెద్ద నర్సమ్మ మొదట వద్దంది, రెండో రోజు ఆవిడే "ఆ పిల్లది వెయ్యి" అంది. పుల్లమ్మ అని ఒకామె ఉంది. వీధుల్లో కూరగాయలు అమ్మే మనిషి. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి వచ్చింది. క్రైస్తవురాలు కాదు, అయినా నీ సాక్ష్యం మళ్ళీ మళ్ళీ వేయించుకుంటుంది. మాట రాదు కాబట్టి చేత్తో చుట్టి చూపిస్తుంది, వెనక్కి తిప్పమని.

ఒక మాట అడగనా? నీ సాక్ష్యంలో ప్రార్థన ఉంది, నేనూ మోకాళ్ళ మీద ఉన్నదాన్నే, కాదనను. కానీ పలక ఏమైంది? వార్డెన్ దెబోరమ్మ గారు నీ మెడలో పలక కట్టి, ఆ వానాకాలమంతా ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. అన్నం కావాలన్నా రాసి చూపించాల్సిందే. నువ్వు తప్పుగా రాస్తే ముందు దిద్దించి అప్పుడు వడ్డించేది. పొద్దున, సాయంత్రం నీకు ఆవిరి పట్టింది నేను. మేమిద్దరం నీ క్యాసెట్‌లో లేము. పేరు కోసం అడగడం లేదు. ఎందుకు లేము అని మాత్రం అడుగుతున్నాను.

ఇంకొకటి. రెండో వైపు చివరి పాటలో నీ గొంతు వెనక ఏదో గీసుకుంటున్నట్టు వినిపించింది. క్యాసెట్ లోపమా?

రాహేలు


బొమ్మనహళ్ళి
అక్టోబరు 2001

అక్కకు,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఊపిరి తీసుకోవడానికి లేదు. హోసూరు, చింతామణి, కోలారు, మళ్ళీ మహదేవపుర. ఆదివారాలు రెండేసి చోట్ల.

పలక గురించి అడిగావు. కూటంలో సాక్ష్యానికి ఇచ్చేదే కొంచెం సమయం. మొదట్లో పలక సంగతి చెప్పేదాన్ని. పలక దగ్గర జనం నవ్వేవాళ్ళు, ఆ నవ్వులో తర్వాత మాట పోయేది. ఒక పాస్టరు అయ్యగారు పక్కకు పిలిచి, "ఆ పలకా అదీ ఎందుకమ్మా, మహిమ దేవునికి వెళ్ళాలి గానీ వార్డెనమ్మకు కాదు" అన్నారు. తీసేశాను. తీసేసిన రోజు చప్పట్లు ఎక్కువ. అప్పటి నుంచి అలాగే నిలిచిపోయింది. అబద్ధం ఒక్కటీ చెప్పలేదక్కా.

నీకు ఈ పని తీరు తెలియదు. రేటు చెప్పకూడదు. దేవుడిచ్చిన గొంతుకు ధర పెడతావా అంటారు. పాడిన తర్వాత కవరులో పెట్టి కానుక ఇస్తారు. ఒకచోట బాగా పెడతారు, ఒకచోట శాలువా కప్పి బిర్యానీ పెట్టి పంపిస్తారు. ఇంట్లో శాలువాలు ఎన్ని ఉన్నాయంటే అమ్మ కిటికీలకు కట్టింది. వద్దు అంటే మళ్ళీ పిలవరు. ఇంకొకరిని పిలవడం మొదలుపెడతారు. కాబట్టి ఎక్కడికి పిలిచినా వెళ్తాను. కూటం పెద్దలకు తెలిసింది ఒకటే, దీపం పాట పిల్ల, మూడో చరణం పిల్ల.

జోయెల్ అంటాడు: "అక్కా, నువ్వు సింగరా, కేఎస్సార్టీసీ బస్సా? చెయ్యెత్తిన ప్రతి చోటా నిలబడతాండావు."

గొంతు గీసుకోవడం క్యాసెట్ లోపమే. చవక టేపు.

కృప


బొమ్మనహళ్ళి
జనవరి 2002

అక్కా,

క్రిస్మస్ కాలం అయిపోయింది. చాలా అలసిపోయాను, ఎక్కువ రాయను.

నాకు తెలిసిన ఒక గాయని ఉంది. పొద్దున లేచేసరికి ఆమెకు గొంతు ఉండటం లేదు. వేడినీళ్ళు తాగి, మిరియాలు నమిలితే మధ్యాహ్నానికి వస్తుంది. పై స్వరం దగ్గర ఒక్కోసారి గాలి మాత్రమే వస్తుంది. నువ్వు నర్సువి కదా, ఆమెకు ఏమి చెప్పమంటావు?

కృప


జమ్మలమడుగు
జనవరి 2002

కృపకు,

ఆ గాయనికి చెప్పు, మిరియాలు మాని నోరు మూసుకోమని. వెంటనే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళమని. వాళ్ళ అమ్మను వెంట తీసుకెళ్ళమని, ఒంటరిగా వెళ్తే డాక్టరు చెప్పింది సగం దాచేస్తుంది, చిన్నప్పటి నుంచి దానికి ఆ అలవాటు ఉంది.

రాహేలు


బొమ్మనహళ్ళి
మార్చి 2002

అక్కకు,

అమ్మతోనే వెళ్ళాను. నీ మీద కోపంతో వెళ్ళాను, కానీ వెళ్ళాను.

డాక్టరు గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూశారు. మాట పుట్టించే తీగల మీద కాయలు కాచాయట. రోజూ పార పట్టుకునే చేతికి కాసినట్టే. అమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. "సేతులే కాస్తాయనుకుంటిమి సార్. మా మాదిరి కాకూడదనే దీన్ని బడికి పంపితిమి. దీనికి గొంతు కాసిందా?" అంది. డాక్టరు నవ్వలేదు. చాలా రోజులు పూర్తిగా మాట్లాడకూడదు, తర్వాత కూడా మునుపటి పైస్థాయిలో పాడకూడదు, పాడితే ఆపరేషన్, దాని తర్వాత గొంతు ఎలా వస్తుందో ఎవరూ చెప్పలేరు అన్నారు.

బస్సులో అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. బొమ్మనహళ్ళి దగ్గర దిగేటప్పుడు, "ఫ్యాక్టరీలో అడుగుదునా, నీ జాగా ఉందేమో?" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కా, ఏప్రిల్‌లో పెద్ద ఉజ్జీవ కూటాలు ఉన్నాయి. గోడల మీద కాగితాలు అంటించేశారు. దాని మీద ఏముందో రాస్తాను చూడు: "పోయిన స్వరమును తిరిగి పొందిన సహోదరి." ఇప్పుడు నేను వెళ్ళి నా గొంతు మళ్ళీ పోయింది అని ఎలా చెప్పను? తిరిగిచ్చినవాడు మళ్ళీ తీసుకున్నాడా అని అడగరా? నీ విశ్వాసంలో ఏదో లోపం ఉందమ్మా అనరా? ఈ మాట అనే పెద్దల మొహాలు కూడా నాకు ఇప్పుడే కనిపిస్తున్నాయి.

మామూలు గాయనికి గొంతు చెడితే జబ్బు. నాకు చెడితే సాక్ష్యం చెడినట్టు.

ఏప్రిల్ వరకు ఎలాగో లాగుతాను. తర్వాత చూద్దాం. నువ్వు తిట్టకు. తిట్టించుకునే ఓపిక కూడా లేదు.

కృప


జమ్మలమడుగు
మార్చి 2002

కృపకు,

తిట్టను. ఒక సంగతి చెబుతాను. చాలా రోజులుగా నీకు రాయాలా వద్దా అని ఊరుకున్నాను.

పుల్లమ్మ గుర్తుందా? కూరగాయల ఆమె. ఆమెకూ నీ జబ్బే. కొన్ని నెలలు అరవొద్దని చెప్పి ఇంటికి పంపాము. పండగ ముందు మళ్ళీ వచ్చింది. మాట కాదు కదా, గుసగుస కూడా లేదు. ఎందుకు అరిచావమ్మా అని అడిగితే, ఆమె కోడలు చెప్పింది: "క్యాసెట్ అమ్మాయికి ప్రార్థనతోనే వచ్చిందంట గదా సిస్టర్. మా అత్త కూడా చర్చికి పోయి మొక్కుకునింది. అయిపాయ, నాకూ వచ్చేస్తాదని మర్నాడే గంప ఎత్తుకునింది."

నీ తప్పు అని రాయడం లేదు. వార్డులో ఆ క్యాసెట్ వేసింది నేను. పలక సంగతి తెలిసిన మనిషిని నేను, ఆమె పక్కన నిలబడి కూడా చెప్పలేదు. నీ పాట పాడవుతుందని నోరు మూసుకున్నాను. కాబట్టి ఇది మనిద్దరిదీ.

ఆమెకు ఇప్పుడు నేను పలక కొనిచ్చాను. చదువు రాదు, కాబట్టి బొమ్మలు గీస్తుంది. నిన్న ఒక వంకాయ గీసి దాని మీద కొట్టేసింది. వంకాయ కూర వద్దని.

నువ్వు ఏప్రిల్‌లో పాడతావో లేదో నీ ఇష్టం. కానీ పాడే ముందు ఏమి చెబుతావో ఆలోచించు.

రాహేలు


బొమ్మనహళ్ళి
జూలై 2002

అక్కకు,

ఇన్ని నెలలు రాయలేదు. నీ ఉత్తరం చదివిన మర్నాడు కూటాల పెద్దలకు కబురు పంపాను, రాలేనని. కారణం రాయలేదు. ఒంట్లో బాగాలేదు అని మాత్రం. అంతవరకే ధైర్యం సరిపోయింది. నా బదులు ఇంకొక అమ్మాయి వెళ్ళింది. నా దీపం పాటే పాడిందట, మూడో చరణం నాకన్నా పైకి పాడిందట. జోయెల్ చెప్పలేదు, నాన్న గేటు దగ్గర ఎవరో చెప్పారు.

మాట్లాడటం మానేశాను. పలక దొరకలేదు, మడివాళ మార్కెట్లో ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చాయి, రాసి పైకి లాగితే చెరిగిపోతుంది. అది కొన్నాను. అమ్మకు చదవడం రాదని కొన్న తర్వాత గుర్తొచ్చింది. చూడు నా తెలివి. ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదివి, ఇంట్లో ఎవరూ సరిగా చదవలేని దాని మీద రాస్తూ కూర్చున్నాను. నాన్న కూడి కూడి ఒక్కో మాట చదివి అమ్మకు చెబుతాడు. "ఉ... ప్పు... తక్కు..." అనేలోపు అమ్మ అన్నం తినేసి లేస్తుంది.

తర్వాత అమ్మే ఒక దారి చూపించింది. ఫ్యాక్టరీలో మిషన్ల మోతలో మాట వినబడదు, అక్కడ ఆడవాళ్ళంతా చేతులతో మాట్లాడుకుంటారు. టీకి ఒక సైగ, సూపర్‌వైజర్ వస్తున్నాడంటే ఇంకొకటి. నాకు అవన్నీ తెలుసు కదా, నేనూ అక్కడ పని చేసినదాన్నే. ఇప్పుడు ఇంట్లో అలాగే. నవ్వు వచ్చినప్పుడు మాత్రం కష్టం, అమ్మ సూపర్‌వైజర్‌ను చేసి చూపిస్తుంది, నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాలి.

పిలుపులు లేవు. మొదట్లో ప్రార్థన చేస్తామని ఉత్తరాలు వచ్చాయి, తర్వాత అవీ లేవు. క్యాసెట్ పెట్టెలు మంచం కింద ఉన్నాయి. జోయెల్ ఆదివారం వచ్చి సుమ్నే, ఊరికే కూర్చుని వెళ్తాడు. మొన్న అడిగాడు: "అక్కా, ఒకటి అడుగుతా, కొట్టద్దు. ఈ పాట అంత పైనుంచి ఎందుకు పాడాల? కీబోర్డులో బటన్ ఉండాది. నొక్కితే మొత్తం కిందికి దిగుతాది. నాకు వేళ్ళు కూడా మార్చే పని లేదు."

నేను పలక మీద రాశాను: ఆ పై స్వరమే నా సాక్ష్యం.

వాడు చదివి, "పాట ఎవరిది మరి?" అన్నాడు. "బిడక్కా, వదిలెయ్. నీ ఇష్టం."

వాడు వెళ్ళాక చాలాసేపు ఆ పలక చెరపలేదు. అలసటగా ఉంది అక్కా. మాట్లాడకపోయినా అలసట తగ్గడం లేదు. ఇన్నాళ్ళూ అది గొంతుదనుకున్నాను.

పుల్లమ్మ ఎలా ఉందో రాయి.

కృప


జమ్మలమడుగు
ఆగస్టు 2002

కృపకు,

పుల్లమ్మకు గుసగుస వచ్చింది. పూర్తిగా రాకపోవచ్చని డాక్టరు ఆమెకే చెప్పారు. ఆమె వెళ్ళి ఒక కంచు గంట కొనుక్కుంది. ఇప్పుడు గంప దించి గంట కొడుతుంది. ఐస్ బండి అనుకుని పిల్లలు పరుగెత్తుకొచ్చి వంకాయలు చూసి ఏడుస్తున్నారట. వాళ్ళ వెనక తల్లులు వస్తారు కాబట్టి బేరం మునుపటికన్నా బాగుందని కోడలు చెప్పింది.

ఊరికే రాశాను. నిన్ను గంట కొనుక్కోమని కాదు.

రాహేలు


బొమ్మనహళ్ళి
నవంబరు 2002

రాహేలక్కకు,

డాక్టరు పాడొచ్చన్నారు. కింది స్థాయిలో, వారానికి ఒకసారి, మైకు సరిగా ఉన్నచోట. ఇప్పుడు ఎవరు పిలిచినా ముందు ఈ మూడూ చెబుతున్నాను. రేటు చెప్పడం కన్నా ఇది చెప్పడమే వాళ్ళకు ఎక్కువ కోపం తెప్పిస్తోంది. "షరతులా?" అన్నారు ఒకరు. పిలిచేవాళ్ళు తగ్గారు. నీకు అబద్ధం రాయను, బాగా తగ్గారు. వారంలో నాలుగు రోజులు ఇక్కడి చర్చి ఆడవాళ్ళకు, మహదేవపురలో కొందరి పిల్లలకు పాట నేర్పుతున్నాను. దానికి రేటు చెప్పొచ్చు. పాడటానికి ధర పెడితే పాపం, నేర్పడానికి పెడితే ట్యూషన్.

పోయిన ఆదివారం మా చర్చిలోనే పాడాను. మొదటిసారి కదా, బయటి ఊరికి వెళ్ళే ధైర్యం లేదు. సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. జ్వరం, ప్రార్థన, పలక, దెబోరమ్మ గారు, నువ్వు పట్టిన ఆవిరి. పలక దగ్గర నవ్వారు. నవ్వనిచ్చాను. తర్వాత గొంతు మళ్ళీ చెడిందని, నేనే చెడగొట్టుకున్నానని, ఈసారి కూడా ప్రార్థనా మౌనమూ రెండూ పట్టాయని చెప్పాను. జబ్బు చేసినవాళ్ళు ఎవరైనా నా క్యాసెట్ విని మందు మానొద్దని చెప్పాను. ముందు వరుసలో ఒక పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. చప్పట్లు లేవు. ఎవరో దగ్గారు. పాడటం మొదలుపెట్టక ముందే చెడిపోయింది అనుకున్నాను.

జోయెల్ బటన్ నొక్కాడు. పాట ఎంత కిందికి దిగిందంటే మొదటి పాదం నాకే కొత్తగా ఉంది, ఇంకెవరి పాటో అద్దెకు తెచ్చుకున్నట్టు. రెండు చరణాలు అయ్యాయి. మూడో చరణం వచ్చింది. "గాలొచ్చిన వేళ నీ చెయ్యే అడ్డు" అని ఉంటుంది కదా. నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఆ మాట అమ్మది. మేము రోడ్డు పనుల గుడిసెల్లో ఉన్నప్పుడు, నేను చదువుకుంటుంటే అమ్మ బుడ్డి దీపం పక్కన కూర్చుని చెయ్యి అడ్డం పెట్టేది. చెయ్యి మసి పట్టేది. అదే రాశాను.

అక్కడికి రాగానే జనం ఎదురుచూసిన పై స్వరం లేదు. మామూలుగా, ఇంట్లో పాడుకున్నట్టు ఉంది. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు కలిసింది. తర్వాత ఇంకొకటి. ముసలివాళ్ళు, ఫ్యాక్టరీ ఆడవాళ్ళు. ఒకరినొకరు చూసుకుంటూ, కొంచెం సిగ్గుపడుతూ అందరూ పాడారు. ఇన్నాళ్ళూ ఆ చరణం వాళ్ళకు నోటికొచ్చు అక్కా. ఎత్తు అందక ఊరికే విని చప్పట్లు కొట్టారు.

అమ్మ కూడా పాడింది. ఇంటికొచ్చాక అడిగాను, ఎప్పుడు నేర్చుకున్నావు అని. "నేర్సుకునేదేముందే, నా మాటే గదా. నువ్వు దాన్ని అటక మీద పెట్టింటివి, నాకు అందల్యా" అంది.

జోయెల్ ఆ రోజు టేప్ రికార్డర్‌లో పట్టాడు. ఈ పార్శిల్‌లో అదే పంపుతున్నాను. అట్ట లేదు, ఫొటో లేదు. పుల్లమ్మ వస్తే వినిపించు, సాక్ష్యంతో సహా. మూడో చరణంలో నా గొంతు సరిగా వినబడదు, అమ్మదీ పక్కనున్నవాళ్ళదీ ఎక్కువగా ఉంటుంది. టేపు చవకదే గానీ, ఈసారి లోపం ఏమీ లేదు.

నీ కృప